ఫెయిల్ అవ్వడం తెలియని టెస్టు

"అక్కా, ఈ టెస్ట్ ఎప్పుడైనా ఫెయిల్ అయిందా?"

ఆ కుర్రాడు మా టీమ్‌లో చేరి నాలుగు నెలలు. నన్ను తప్పుపట్టాలని అడగలేదు. కొత్త రిపోర్టులో ఫెయిల్ అయిన టెస్ట్ ఎలా కనిపిస్తుందో చూడాలనుకున్నాడు, అంతే. ఆరోగ్య బీమా పాలసీలు అమ్మే వెబ్‌సైట్ మాది. జావాలో, సెలీనియంతో ఏళ్ల తరబడి రాసుకున్న రెగ్రెషన్ సూట్‌ను టైప్‌స్క్రిప్ట్‌కు, ప్లేరైట్‌కు మార్చడం మొదలుపెట్టి అప్పటికి ఆరు వారాలు. అతను వేలు పెట్టి చూపించిన టెస్ట్ నేను రాసిందే. పిన్‌కోడ్‌లో అయిదంకెలే కొడితే 'ఆరు అంకెలు ఉండాలి' అన్న ఎర్ర వాక్యం తెరమీదకు రావాలి. వచ్చిందో లేదో చూడడమే ఆ టెస్ట్ పని.

పాత రన్‌లన్నీ వెనక్కి తిప్పి చూశాను. రాసిన రోజు నుంచి ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది. తర్వాత బ్రౌజర్ తెరిచి నా చేత్తో నేనే అయిదంకెలు కొట్టాను. ఎర్ర వాక్యం రాలేదు. పేజీ నన్ను ఆపకుండా ముందుకు పంపేసింది. ఎవరో ఏదో మార్చినప్పుడు ఆ వాక్యం ఎగిరిపోయింది. నా టెస్ట్ మాత్రం రోజూ రాత్రి పచ్చ టిక్కు పెట్టి వెళ్తూనే ఉంది.

కారణం ఒక్క మాట. ఆ లైన్ ముందు 'అవైట్' అని రాయడం మరిచాను.

జావాలో ఒక లైన్ పని పూర్తయ్యాకే తర్వాతి లైన్ మొదలవుతుంది. పదకొండేళ్లుగా నా వేళ్లకు అలవాటైన క్రమం అది. ప్లేరైట్‌ను టైప్‌స్క్రిప్ట్‌లో రాసేటప్పుడు అలా కాదు. బ్రౌజర్‌ను ఏదైనా అడిగితే వెంటనే చేతికి వచ్చేది జవాబు కాదు, జవాబిస్తానన్న మాట. దాని పేరే ప్రామిస్. ఆ మాట నెరవేరేదాకా ఆగాలంటే ముందు అవైట్ అని చెప్పాలి. చెప్పకపోతే ప్రోగ్రామ్ ఆగదు. నా టెస్ట్ 'వాక్యం కనిపిస్తోందా' అని అడిగి, జవాబు వినకుండానే చివరికి చేరిపోయింది. దారిలో తప్పేమీ ఎదురుకాలేదు కాబట్టి పాస్. కంపైలర్ కూడా మామూలుగా దీన్ని తప్పు అనదు.

భాష మారడం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. లూప్ ఇక్కడ ఇలా రాస్తారు, అక్కడ అలా రాస్తారు అని చెప్పేవే వాటిలో ఎక్కువ. ఈ అధ్యాయం దాని గురించి కాదు. లూప్ రాయడం మీకు వారంలో వస్తుంది. ఆ కుర్రాడి ప్రశ్న నాకు నేర్పింది వేరు. మామూలు ప్రోగ్రామ్ తప్పుగా రాస్తే పనిచేయదు, మనకు తెలిసిపోతుంది. టెస్ట్ తప్పుగా రాస్తే చాలాసార్లు పాస్ అవుతుంది. కొత్త భాషలో తడబడుతున్న మనిషికి అంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

ముందుగా ఒక ప్రశ్న. అసలు ఎందుకు మారుతున్నారు?

2009లో నేను ఈ రంగంలోకి వచ్చినప్పుడు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల క్యూటీపీ నేర్పించే సెంటర్లు గల్లీకి నాలుగు. అందులో రాయాల్సింది వీబీస్క్రిప్ట్. నాలుగేళ్లకు గోడలమీద పోస్టర్లు మారాయి. 'సెలీనియం విత్ జావా' అన్న మూడు మాటలే మా తరం రెజ్యూమెకు ముఖం అయ్యాయి. ఇంటర్వ్యూకు పిలిచేవాళ్లూ మమ్మల్ని ఆ పేరుతోనే గుర్తుపట్టేవాళ్లు. అందుకే భాష మారాలన్న మాట వినగానే కడుపులో దేవినట్టు ఉంటుంది. పోయేది పనిముట్టు అనిపించదు, మన పేరే పోతున్నట్టు ఉంటుంది. ఆ భయం నాకూ తెలుసు. నలభైకి దగ్గరపడుతున్న వయసులో, ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన కూర్చుని, లిస్టులో ఒక అంశాన్ని ఎలా వెతకాలో గూగుల్‌లో చూసుకుంటూ గడిపిన రోజులు నాకున్నాయి.

అయినా పనిముట్లు పోతాయి. వీబీస్క్రిప్ట్‌ను దశలవారీగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. యాంగ్యులర్ వెబ్‌సైట్ల టెస్టింగ్‌కు ఎంతోమంది నమ్ముకున్న ప్రొట్రాక్టర్‌కు అదే ఏడాది మద్దతు ముగిసింది. తెర లేకుండా నడిచే ఫాంటమ్‌జేఎస్ 2018లోనే ఆగిపోయింది. వీటిలో ఏదో ఒకదాని మీద మీ సూట్ నడుస్తుంటే మారక తప్పదు. రెండో మంచి కారణం మా టీమ్‌ది. డెవలపర్లు టైప్‌స్క్రిప్ట్‌లో రాస్తారు, టెస్టర్లు జావాలో రాస్తారు. టెస్ట్ విరిగితే సరిచేయడానికి డెవలపర్ ముందుకు వచ్చేవాడు కాదు, రావాలనుకున్నా రాలేకపోయేవాడు. భాష ఒకటైతే ఆ గోడ పడిపోతుందని మారాం, కొంతవరకు పడింది కూడా.

మంచి కారణం కానిది ఒకటుంది, అదే ఎక్కువమంది చెప్తారు: "జావా సూట్ స్లోగా ఉంది." బ్రౌజర్ టెస్టుల్లో సమయమంతా తినేది పేజీ లోడ్ కావడం, సర్వర్ జవాబు, మనం భయంతో చల్లిన స్లీప్ లైన్లు. జావా నడవడానికి పట్టే సమయం అందులో ఎంతో ఉండదు. ఆ స్లీప్‌లు తీసేసి సరైన వెయిట్‌లు పెడితే జావాలోనే సూట్ పరుగెత్తుతుంది. పోస్టర్ మారిందని మారకండి.

మీరు మోసుకెళ్లేది ఎంత, వదిలేసేది ఎంత అన్న లెక్క కూడా భయం చెప్పేంత ఘోరంగా ఉండదు. సెలీనియంనే చూడండి. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగ్గిన్స్ దాన్ని మొదలుపెట్టింది జావాస్క్రిప్ట్‌లో. జావాతో మనం వేసిన ముడి తర్వాతిది. 2018 జూన్‌లో వెబ్‌డ్రైవర్ ప్రోటోకాల్ డబ్ల్యూ3సి ప్రమాణంగా ఖరారైంది. మీరు జావాలో రాసినా, పైథాన్‌లో రాసినా, బ్రౌజర్ డ్రైవర్‌కు చేరేది అదే హెచ్‌టీటీపీ అభ్యర్థన. పేజీ ఎలా కట్టారో చదవడం, పేజీ మారినా విరగని లొకేటర్ ఎంచుకోవడం, లాగ్ చూసి తప్పు యాప్‌దో టెస్ట్‌దో సర్వర్‌దో తేల్చడం, ఇవన్నీ మీతోనే వస్తాయి. ఇరవై రెండేళ్ల పిల్లలు నా దగ్గర నేర్చుకున్నది ఇదే. అవైట్ గురించి నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు అందరూ చేసే మొదటి తప్పు, ఎడమవైపు పాత ఫైల్, కుడివైపు కొత్త ఫైల్ తెరిచి లైన్‌కు లైన్ మార్చుకుంటూ పోవడం. ఇప్పుడు ఏఐ టూల్స్ ఈ పని నిమిషాల్లో చేసి పెడుతున్నాయి, నేనూ వాడతాను. కానీ లైన్‌కు లైన్ మార్చితే వచ్చేది టైప్‌స్క్రిప్ట్ అక్షరాల్లో ఉన్న జావానే. మా సూట్‌లో టెస్టులు ఒకేసారి నడిచేటప్పుడు ఒకరి బ్రౌజర్ ఇంకొకరికి చిక్కకుండా థ్రెడ్‌లోకల్ పెట్టుకున్నాం. అది జావాలో అవసరం. ప్లేరైట్ టెస్ట్ రన్నర్ ఒక్కో వర్కర్‌ను వేరే ప్రాసెస్‌గా నడుపుతుంది, ఒక్కో టెస్ట్‌కు విడి కాంటెక్స్ట్ ఇస్తుంది. థ్రెడ్‌లోకల్ తీర్చే సమస్యే అక్కడ లేదు. అయినా మొదటి వారం నేను దానికి సాటి ఏదో కట్టడానికి రెండు రోజులు కూర్చున్నాను. పాత ఇంట్లో వర్షం కారే చోట పెట్టుకున్న బకెట్‌ను కొత్త ఇంట్లో కూడా అదే మూలన పెట్టినట్టు.

అన్నింటికంటే స్లీప్ లైన్ల దగ్గర జాగ్రత్త. పాత కోడ్‌లో 'అయిదు సెకన్లు ఆగు' అని కనిపిస్తే రెండు అర్థాలు ఉండొచ్చు. బటన్ కనిపించేదాకా ఆగడానికి అయితే తీసేయండి. క్లిక్ చేసే ముందు బటన్ కనిపించి, కదలకుండా నిలబడి, నొక్కడానికి సిద్ధమయ్యేదాకా ప్లేరైట్ తనంతట తనే ఆగుతుంది. కానీ కొన్ని స్లీప్‌ల వెనుక వేరే కథ ఉంటుంది. పాలసీ పీడీఎఫ్ మా సర్వర్‌లో వేరే క్యూలో తయారవుతుంది. పేజీకి ఆ సంగతి తెలియదు, తెరమీద ఏ గుర్తూ ఉండదు. ఎప్పుడో ఒకరు విసిగిపోయి అక్కడ స్లీప్ పెట్టారు. దాన్ని తీసేస్తే టెస్ట్ ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్. అలాంటి చోట పీడీఎఫ్ సిద్ధమైందా అని సర్వర్‌ను మళ్లీ మళ్లీ అడిగే చిన్న ఫంక్షన్ రాయాలి. ప్రతి స్లీప్‌నూ 'నువ్వు దేనికోసం ఆగుతున్నావు' అని అడగండి. జవాబు దొరక్కుండా తీసేయకండి, జవాబు దొరక్కుండా మోసుకెళ్లకండి.

మరి లైన్ చూసి లైన్ రాయకపోతే దేన్ని చూసి రాయాలి?

ప్రశ్నను చూసి రాయాలి. పాత టెస్ట్ తెరిచి, చదివి, మూసేయండి. నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం తెలుగులో రాయండి. 'తప్పు ఓటీపీ మూడుసార్లు కొడితే ఖాతా లాక్ అవుతోందా?' 'అరవై ఏళ్లు నిండిన తల్లిని పాలసీలో చేరిస్తే ప్రీమియం మారుతోందా?' క్లిక్ అన్న మాట అందులో రాకూడదు. బటన్ పేరు రాకూడదు. ఇంట్లో వంట చేస్తున్న అమ్మకు చదివి వినిపిస్తే అర్థం కావాలి. తర్వాత ఆ వాక్యాన్ని మాత్రమే ముందు పెట్టుకుని కొత్త భాషలో రాయండి. మా సూట్‌లో 800 పైచిలుకు టెస్టులు ఉండేవి. ఇలా రాసుకుంటూ పోతే ఒకే వాక్యం నాలుగైదు చోట్ల వచ్చింది. కొన్నిటికి ఎంత చదివినా వాక్యం దొరకలేదు, అవి పేజీల్లో తిరిగి వస్తున్నాయి గానీ దేన్నీ అడగడం లేదు. కొత్త సూట్‌కు చేరింది సగం కంటే కొంచెం ఎక్కువ. తగ్గినందుకు మేనేజర్ కంగారుపడ్డారు. ఆయన ముందు ఆ నోట్‌బుక్ పెట్టాను. టెస్టుల సంఖ్య చూసేవారికి నష్టం కనిపిస్తుంది, ప్రశ్నల జాబితా చూసేవారికి కనిపించదు.

అలా చదువుతుండగా ఒక టెస్ట్ దొరికింది. పేరు 'టాక్స్ టెంప్ 2'. అందులో 2017 జూన్ 30, 2017 జూలై 1 అని రెండు తేదీలు, 15, 18 అని రెండు అంకెలు. కామెంట్ లేదు. "ఇది పాతది అక్కా, తీసేద్దామా?" అన్నాడు ఆ కుర్రాడే. 2024లో 2017 తేదీలతో ఏం పని అని నాకూ అనిపించింది. కానీ వాక్యం దొరక్కుండా తీసేయకూడదని నేనే నియమం పెట్టాను. అది రాసినావిడ కంపెనీ వదిలి చాలా కాలమైంది. ఫోన్ చేశాను.

"జీఎస్టీ వచ్చిన రాత్రి కదే అది!" అంది. "ఆరోగ్య బీమా మీద అంతకుముందు సేవా పన్ను 15 శాతం, తెల్లారితే జీఎస్టీ 18 శాతం. ముందురోజు కొన్నవాళ్లకు పాత రేటే పడాలి. తర్వాత ఎప్పుడు రసీదు మళ్లీ తీసినా మారకూడదు. ఆ రాత్రి మేమంతా ఆఫీసులోనే ఉన్నాం."

నోట్‌బుక్‌లో రాశాను: 'పన్ను రేటు మారే రోజుకు ముందు కొన్న పాలసీకి పాత రేటు, ఆ రోజు నుంచి కొన్నదానికి కొత్త రేటు పడుతున్నాయా?' ఆ వాక్యంలో 2017 లేదు. 15, 18 లేవు. అవి ఆ ప్రశ్నకు ఒక ఉదాహరణ మాత్రమే. కొత్త టెస్ట్‌లో తేదీ, పాత రేటు, కొత్త రేటు మూడింటినీ బయట ఒక పట్టికలో పెట్టాం. దాని సంగతి మళ్లీ చెప్తాను.

జోయెల్ స్పోల్స్కీ 2000 ఏప్రిల్‌లో రాసిన ఒక వ్యాసం సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. పాత కోడ్ పారేసి మొదటి నుంచి రాయడం కంపెనీ చేయగల అతిపెద్ద తప్పు అని ఆయన వాదన, ఉదాహరణ నెట్‌స్కేప్. కొత్తగా రాస్తూ దాదాపు మూడేళ్లు గడిపారు, అయిదో వెర్షన్ అన్నది రానే లేదు, నాలుగు తర్వాత ఆరు వచ్చింది. పాత కోడ్‌లో వికారంగా కనిపించే ప్రతి లైనూ ఎవరో ఎక్కడో పట్టిన ఒక బగ్‌కు గుర్తు అంటాడాయన. నాకు ఆ మాట నిజమనిపిస్తుంది, 'టాక్స్ టెంప్ 2' అచ్చంగా అలాంటిదే. కానీ టెస్ట్ కోడ్‌కు ఒక వెసులుబాటు ఉంది. పాత సూట్, కొత్త సూట్ ఒకే యాప్ మీద ఒకే రాత్రి నడవగలవు, కస్టమర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దాన్ని వాడుకోకపోతే తప్పు మనదే.

మార్టిన్ ఫౌలర్ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అడవుల్లో ఒక చెట్టుపై పుట్టి దాన్ని చుట్టుకుంటూ దిగే మర్రిజాతి చెట్లను చూసి, పాత సాఫ్ట్‌వేర్‌ను మెల్లగా మార్చే పద్ధతికి 2004లో ఆ చెట్టు పేరు పెట్టాడు. మనకు అంత దూరం అక్కర్లేదు. తాటిచెట్టును చుట్టుకున్న మర్రి మన ఊళ్ల పొలిమేరల్లో ఎంతోమంది చూసే ఉంటారు. పక్షి వేసిన గింజ మట్టల సందులో మొలుస్తుంది, వేర్లు కాండం వెంట దిగుతాయి, నేలను తాకాక మర్రి సొంతంగా నిలబడుతుంది. ఎన్నో ఏళ్లు రెండూ బతికే ఉంటాయి.

మొదలు అలాగే పెట్టాలి. ఈ రోజు నుంచి రాసే కొత్త టెస్టులన్నీ కొత్త భాషలోనే, పాతవి ఉన్నచోటే నడుస్తాయి. తర్వాత ఒక్కో భాగం, ముందు రెన్యువల్, తర్వాత క్లెయిమ్. ముందు ఎంచుకునేది లాగిన్ కాకూడదు. లాగిన్ ఎవరైనా రాస్తారు, దానివల్ల తెలిసేది ఏమీ లేదు. ఫైల్ అప్‌లోడ్, పేమెంట్ పేజీ, కొత్త ట్యాబ్, పీడీఎఫ్ అన్నీ ఉన్న కష్టమైన దారిని ముందు పట్టుకోండి. కొత్త టూల్ మీకు సరిపోదన్న సంగతి తెలిస్తే రెండో వారంలో తెలియాలి, ఎనిమిదో నెలలో కాదు.

కానీ మర్రిలా ఏళ్లకేళ్లు రెండూ బతకనివ్వకండి. ఇందులో మేము దెబ్బతిన్నాం. క్లెయిమ్ భాగంలో పాతవీ కొత్తవీ ఐదు నెలలు కలిసి నడిచాయి. పాతది ఎర్రగా వస్తే 'ఎలాగూ పోయేదే కదా' అన్నారు, కొత్తది ఎర్రగా వస్తే 'ఇంకా కుదురుకోలేదు' అన్నారు. ఎర్రగా కనిపించినదాన్ని రెండు చోట్లా ఎవరూ తెరిచి చూడలేదు. తర్వాత ఒక్కో భాగానికి మూడు వారాలు గడువు పెట్టుకున్నాం. ఆ మూడు వారాలు రోజూ పొద్దున రెండు రిపోర్టులూ పక్కపక్కన. రెండూ ఒకటే చెప్తే వదిలేయండి. వేర్వేరుగా చెప్పిన చోట కాఫీ పక్కనపెట్టి కూర్చోండి. మాకు అలా దొరికినవాటిలో కొన్ని కొత్త టెస్ట్‌లో తప్పులు, కొన్ని పాత టెస్ట్ ఏళ్లుగా చెప్తున్న అబద్ధాలు. గడువు ముగిసిన రోజు సాయంత్రమే పాతవి తీసేయడం. వెర్షన్ కంట్రోల్‌లో అవి ఎలాగూ ఉంటాయి.

ఇప్పుడు మీ సంగతి. భాష ఎలా నేర్చుకోవాలి?

కెంట్ బెక్ 2002లో వచ్చిన తన టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ పుస్తకంలో లెర్నింగ్ టెస్ట్ అనే మాట వాడతాడు. బయటివాళ్ల లైబ్రరీ వాడబోయే ముందు అది మనం అనుకున్నట్టు నడుస్తోందో లేదో చిన్న టెస్ట్ రాసి చూడడం. టెస్టర్‌కు ఇంతకంటే సొంతమైన చదువు ఉందా? భాషకే టెస్ట్ రాయండి. మీ పాత భాష ప్రకారం జవాబు ఏమిటో ముందు రాసి, నడిపి చూడండి. పొద్దున నలభై నిమిషాలు చాలు. ఎర్రగా వచ్చిన ప్రతిదీ ఆ రోజు పాఠం.

నాకు ఎర్రగా వచ్చినవి కొన్ని చెప్తాను. ఏడును రెండుతో భాగిస్తే జావాలో పూర్ణాంకాలకు మూడు వస్తుంది, పైథాన్‌లో మూడున్నర. పోనీ పైథాన్‌లో రెండు స్లాష్‌లు పెట్టి పూర్ణాంకమే అడిగితే, మైనస్ ఏడుకు మైనస్ నాలుగు వస్తుంది, జావాలో మైనస్ మూడు. రీఫండ్ లెక్కల్లో మైనస్ అంకెలు ఉన్నవారు ఇక్కడ ఆగి చూడాలి. పైథాన్‌లో ఫంక్షన్‌కు డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ ఇస్తే ప్రతిసారీ కొత్త లిస్ట్ రాదు, మొదటిసారి చేసినదే మళ్లీ మళ్లీ వాడుతుంది. ఒక టెస్ట్‌లో చేర్చిన కుటుంబసభ్యుడు తర్వాతి టెస్ట్‌లో ప్రత్యక్షమవుతాడు.

జావాస్క్రిప్ట్‌లో సార్ట్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏ నియమమూ ఇవ్వకుండా అంకెలను సార్ట్ చేయమంటే అది వాటిని అక్షరాల్లా చూసి వరుస పెడుతుంది. 9000, 12000, 7500 ఇస్తే 12000 ముందు, తర్వాత 7500, ఆ తర్వాత 9000. 'తక్కువ ప్రీమియం ముందు' అన్న పేజీని టెస్ట్ చేస్తున్నామనుకోండి. డెవలపర్ కూడా అదే సార్ట్ అలాగే రాశాడు, మీరూ మీ టెస్ట్‌లో సరైన వరుస ఏమిటో తేల్చుకోవడానికి అదే సార్ట్ వాడారు. రెండు తప్పులూ కలిశాయి, టెస్ట్ పచ్చగా ఉంది, కస్టమర్‌కు పన్నెండు వేల పాలసీ పైన కనిపిస్తోంది. డెవలపర్ భాషలోకి మారినప్పుడు వచ్చే ప్రమాదం ఇది, పాత సూట్‌లో లేనిది. ఒకే భాషలో ఉన్నవారు ఒకేచోట జారిపడతారు. అందుకే సరైన జవాబును టెస్ట్ లెక్కగట్టకూడదంటాను. చేత్తో లెక్కగట్టి, అంకెగా రాసి పెట్టండి.

తేదీలది ఇంకో కథ. జావా కొత్త తేదీల పద్ధతిలో జూలై ఏడో నెల. జావాస్క్రిప్ట్ డేట్‌లో నెలలు సున్నా నుంచి మొదలు, ఏడు అంటే ఆగస్టు. 'టాక్స్ టెంప్ 2'ను మొదటిసారి మార్చినప్పుడు నేను 2017, 6, 30 అని ఉన్నదాన్ని ఉన్నట్టే దింపాను. అది జూలై 30 అయి కూర్చుంది. జూన్ 31 అని లేని తేదీ ఇస్తే జావా వెంటనే తిరగబడుతుంది. జావాస్క్రిప్ట్ మాట్లాడకుండా జూలై 1కి జరుగుతుంది. తేదీని గీతలతో అక్షరాల్లో రాసి ఇస్తే ప్రపంచ సమయంలో అర్ధరాత్రిగా తీసుకుంటుంది, అంటే మనకు తెల్లవారుజామున అయిదున్నర. నా ల్యాప్‌టాప్‌లో సరిగా ఉన్నది పైప్‌లైన్ సర్వర్‌లో తప్పయింది. అర్ధరాత్రి మారే పన్నును టెస్ట్ చేసేవారికి ఆ అయిదున్నర గంటలే అన్నీ.

ఈ రోజుల్లో మీరు స్లో అవుతారు. పాత భాషలో గంట పట్టే పనికి రోజు పడుతుంది. నారుమడి నుంచి పీకి నాటిన వరి మొదటి వారం పాలిపోయి, తలలు వాల్చి ఉంటుంది. చూసినవారికి చేను పోయిందనిపిస్తుంది. రైతు కంగారుపడి పీకి చూడడు, నీళ్లు చూసుకుంటాడు. వేరు పట్టాక అదే తేరుకుంటుంది. మీ మేనేజర్‌కు ఈ సంగతి మొదటి రోజే చెప్పండి, నాకు రెండు నెలలు కావాలి, ఆ రెండు నెలలు లెక్క తగ్గుతుంది అని. చెప్పకుండా రాత్రుళ్లు కూర్చుని పాత వేగం చూపించాలనుకుంటే అవైట్ మరిచిపోయేది ఆ రాత్రుళ్లలోనే. నేను మరిచింది రాత్రి పదకొండు దాటాక.

మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. ఎప్పుడైనా ఫెయిల్ అయిందా?

టెస్ట్ ముందు రాసి, ప్రోగ్రామ్ తర్వాత రాసే డెవలపర్లకు ఈ బాధ లేదు. వాళ్ల టెస్ట్ పుట్టడమే ఎర్రగా పుడుతుంది, ప్రోగ్రామ్ రాశాక పచ్చబడుతుంది. మన పని తీరు అది కాదు. మన చేతికి వచ్చేసరికి పేజీ పనిచేస్తూ ఉంటుంది. మనం రాసిన టెస్ట్ పచ్చగానే పుడుతుంది. అది ఎర్రబడగలదో లేదో ఎవరూ చూడరు. భాష మార్చేటప్పుడు ఆ లోపం రెట్టింపు అవుతుంది, ఎందుకంటే పాతది పచ్చగా ఉంది, కొత్తదీ పచ్చగా వచ్చింది, సరిపోయింది అనుకుని ముందుకు పోతాం.

అందుకని మా టీమ్‌లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. కొత్త భాషలో రాసిన ఏ టెస్ట్ అయినా ఒకసారి ఎర్రగా వచ్చిన రిపోర్టు జత చేస్తేనే రివ్యూ. ఎర్రగా ఎలా రప్పించాలి? సులువైన దారి, రావలసిన జవాబును టెస్ట్‌లో తప్పుగా రాసి చూడడం. అవైట్ మరిచిపోతే అది చాలావరకు పట్టిస్తుంది, కానీ అంతవరకే. యాప్ తప్పు చేస్తే టెస్ట్ పట్టుకుంటుందా అన్నది దానితో తేలదు. దానికి యాప్ తప్పు చేయాలి. ప్లేరైట్‌లో సర్వర్ నుంచి వచ్చే జవాబును దారిలోనే ఆపి మార్చి ఇవ్వొచ్చు. ప్రీమియం అంకె మార్చి పంపి, టెస్ట్ అరుస్తుందో లేదో చూడండి. అలా కుదరని చోట డెవలపర్‌ను అడిగి, విడి బ్రాంచ్‌లో ఆ ఒక్క నియమాన్ని తీయించి నడపండి. మా డెవలపర్లు మొదట నవ్వారు. రెండో నెలకు వాళ్లే అడగడం మొదలుపెట్టారు, ఈసారి ఏం విరగ్గొట్టమంటారని. అవైట్ మరిచిన చోట్లను ముందే పట్టే లింట్ నియమం టైప్‌స్క్రిప్ట్‌కు ఉంది, దాని పేరు నో ఫ్లోటింగ్ ప్రామిసెస్. మొదటి రోజే పెట్టుకోండి. నేను ఏడో వారంలో పెట్టుకున్నాను. పెట్టిన నిమిషంలో నా టెస్టుల్లోనే ఇంకో పదకొండు చోట్లు బయటపడ్డాయి.

2025 సెప్టెంబర్ మొదటి వారంలో జీఎస్టీ మండలి నిర్ణయం వచ్చింది. వ్యక్తులు తీసుకునే ఆరోగ్య, జీవిత బీమా పాలసీల మీద 18 శాతం పన్ను ఉండదు, 22వ తేదీ నుంచి అమలు. ఆఫీసులో అందరి ముఖాల్లో ఒకటే ప్రశ్న. ముందురోజు కొన్నవారి సంగతేమిటి, ఆ రోజు కొన్నవారి సంగతేమిటి?

ఆ కుర్రాడు నోట్‌బుక్ తీసుకొచ్చి ఆ వాక్యం ఉన్న పేజీ నా ముందు పెట్టాడు. పట్టికలో 2017 వరుస కింద ఇంకో వరుస చేర్చాడు: 2025 సెప్టెంబర్ 22, పాత రేటు 18, కొత్త రేటు 0. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. డెవలపర్లు ఇంకా మార్పు మొదలుపెట్టలేదు, అయినా రన్ నొక్కాడు.

ఎర్రగా వచ్చింది. రావలసింది 0, వచ్చింది 18 అని రిపోర్టులో స్పష్టంగా ఉంది.

"ఇప్పుడు ఫెయిల్ అయింది అక్కా," అన్నాడు. ఆ రిపోర్టును జత చేసి, డెవలపర్లకు పంపించి, టీ తాగడానికి వెళ్లాం.